అంతులేని ఆట

పాలమూరు పల్లెలలో గుడి అరుగుల మీద, రచ్చకట్టల మీద పరచిన రాతిబండలను పరిశీలిస్తే అక్కడక్కడ పులిజూదం గీతలు కనిపిస్తాయి. మల్దకల్ తిమ్మప్ప జాతరకు వచ్చినవారైనా, పొలం పనుల నడుమ కొంత తీరిక దొరికినవారైనా ఆ గీతల ముందు ఇద్దరు కూర్చుంటే చాలు, చుట్టూ పదిమంది చేరుతారు. పులులకు కదలిక లేకుండా చేస్తే మేకలు పట్టినవాడు గెలుస్తాడు. మేకలు తరిగిపోతే పులులు పట్టినవాడు గెలుస్తాడు. ఎంతసేపు సాగినా ఆ ఆటకు ఒక ముగింపు ఉంది. ముగింపు ఉండటం చేతనే గెలుపోటములు తేలుతున్నాయి. ఎత్తుకు పైఎత్తు వేస్తూ ఇద్దరు ఎన్నటికీ ముగియని ఆటను ఆడితే, గెలిచినవాడెవడో తేల్చేది ఎట్లా? పైకి ఇది పసిపిల్లల ప్రశ్నలా కనిపిస్తుంది. కాని 1935లో తూర్పు ఐరోపాలోని ల్వూఫ్ నగరంలో, రాతిబండకు బదులుగా ఒక కాఫీ హోటలు పాలరాతి బల్ల చుట్టూ చేరిన కొందరు గణితవేత్తలు ఈ ప్రశ్నను అక్షరాలా ఒక సమస్యగా స్వీకరించారు. దానికి సమాధానం చెప్పినవాడు స్టెఫాన్ బనాక్.

బనాక్ 1892 మార్చి 30న క్రాకోవ్ నగరంలో జన్మించాడు. గద్వాల సంస్థానం నిజాం రాజ్యానికి లోబడి ఉన్న కాలమది. అట్లాగే పోలండు దేశం కూడ అప్పుడు ప్రపంచపటంలో లేదు. దానిని రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పంచుకున్నాయి. క్రాకోవ్ ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. బనాక్ తండ్రి స్టెఫాన్ గ్రెచెక్ ఆ చక్రవర్తి సైన్యంలో ఒక సిపాయి. తల్లి పేరు కతజినా బనాక్. వారిద్దరికీ వివాహం కాలేదు. శిశువుకు తండ్రి నుండి పేరు, తల్లి నుండి ఇంటిపేరు లభించాయి. అంతకుమించి తల్లి నుండి అతనికి సంక్రమించినది ఏదీ లేదు. బిడ్డకు జ్ఞానస్నానం జరిగిన కొద్దికాలానికే ఆమె అతని జీవితం నుండి తొలగిపోయింది. తండ్రి ఆ శిశువును క్రాకోవ్‌లో బట్టలు ఉతికే దుకాణం నడుపుకొనే ఫ్రాంచిష్కా ప్వోవా అనే స్త్రీకి అప్పగించాడు. ఆమె ఇంటనే బనాక్ పెరిగి పెద్దవాడయ్యాడు.

భారతం చదివినవారికి ఇక్కడ రాధ ఇంట పెరిగిన కర్ణుడు గుర్తుకు రాక మానడు. అయితే ఆ పోలిక కొంతదూరమే సాగుతుంది. కర్ణునికి యుద్ధానికి ముందు శ్రీకృష్ణుడు, ఆ తరువాత కుంతి జన్మరహస్యాన్ని వెల్లడించారు. బనాక్‌కు ఎవరూ వెల్లడించలేదు. పెద్దవాడైన తరువాత తల్లి ఎవరని అతడు తండ్రిని అడిగాడు. చెప్పనని మాట ఇచ్చానంటూ తండ్రి మౌనం వహించాడు. ఆ ప్రశ్నకు సమాధానం లేకుండానే బనాక్ జీవితం గడిచింది.

పెంపుడు ఇంటికి తరచుగా వచ్చే యూలియుష్ మియెన్ అనే ఫ్రెంచి మేధావి ఆ బాలునికి ఫ్రెంచి భాష నేర్పాడు. బనాక్ రచనలలో పెక్కు తరువాత ఫ్రెంచిలోనే వెలువడ్డాయి. పాఠశాలలో అతనికి గణితం మీద ఉన్న శ్రద్ధ ఇతర విషయాల మీద ఉండేది కాదు. చిన్న వయస్సులోనే ఇతర పిల్లలకు పాఠాలు చెప్పి తన ఖర్చులు తాను గడుపుకొనేవాడు. విటోల్డ్ విల్కోష్ అనే సహాధ్యాయితో కలిసి గంటల తరబడి లెక్కలు చేసేవాడు. 1910లో పాఠశాల చదువు ముగిసినప్పుడు ఆ మిత్రులిద్దరూ ఒక విచిత్రమైన నిర్ణయానికి వచ్చారు. గణితం పూర్తిగా అభివృద్ధి చెందిన శాస్త్రమనీ, అందులో కొత్తగా కనుగొనవలసినది ఏమీ మిగలలేదనీ వారు భావించారు. అందుచేత విల్కోష్ ప్రాచ్యభాషలను, బనాక్ ఇంజనీరింగును ఎన్నుకున్నారు. ఇంటర్మీడియట్ తరువాత ఏ చదువులో చేరాలా అని తర్జనభర్జన పడే విద్యార్థులకు ఈ సంఘటన కొంత ఊరట కలిగించవచ్చు. విశ్లేషణ గణితంలో ఒక కొత్త యుగానికి ఆద్యుడు కాబోయే వ్యక్తి కూడ పద్దెనిమిదవ ఏట తన దారిని తప్పుగానే అంచనా వేశాడు. ఇద్దరూ చివరకు గణితానికే తిరిగి వచ్చారు.

ల్వూఫ్‌లోని సాంకేతిక విద్యాలయంలో బనాక్ నాలుగేళ్ళు చదివి, 1914 నాటికి సగం పరీక్షలు మాత్రమే పూర్తి చేయగలిగాడు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కంటిచూపు సరిగా లేనందువల్ల అతన్ని సైన్యంలోకి తీసుకోలేదు. కొంతకాలం రోడ్ల నిర్మాణంలో కూలీలపై మేస్త్రీగా పనిచేశాడు. తరువాత క్రాకోవ్ చేరి పాఠశాలలలో బోధించాడు. పట్టా లేదు, స్థిరమైన ఉద్యోగం లేదు. ఉన్నదల్లా లెక్కల మీద మక్కువ, ఆ మక్కువను పంచుకొనే ఒకరిద్దరు మిత్రులు.

1916 వసంతకాలంలో ఒక సాయంత్రం హ్యూగో స్టైన్‌హౌస్ అనే యువ గణితవేత్త క్రాకోవ్‌లోని ప్లాంటి ఉద్యానంలో నడుస్తున్నాడు. ఒక బల్ల మీద కూర్చున్న యువకుల మాటలలో లెబేగ్ అనే పేరు అతని చెవిని పడింది. లెబేగ్ ఫ్రాన్సు దేశపు గణితవేత్త. పొడవు, వైశాల్యం, ఘనపరిమాణం అనే భావాలను మునుపటికంటె ఎన్నోరెట్లు క్లిష్టమైన సమితులకు విస్తరింపజేసినవాడు. ఆనాడు అతని సిద్ధాంతం విశ్వవిద్యాలయాలలోని కొద్దిమందికి మాత్రమే తెలిసిన కొత్త విద్య. యుద్ధకాలంలో, ఒక తోటలో, ఎవరో అపరిచితులు దాన్ని గురించి చర్చించుకోవడం స్టైన్‌హౌస్‌ను ఆశ్చర్యపరచింది. వెంటనే వెళ్ళి పరిచయం చేసుకున్నాడు. ఆ యువకులు బనాక్, ఒట్టో నికోదిమ్. స్టైన్‌హౌస్ తాను చాలాకాలంగా సాధించలేకపోతున్న ఒక సమస్యను వారికి చెప్పాడు. కొన్ని రోజులు గడిచేసరికి బనాక్ సమాధానంతో వచ్చాడు. వారిద్దరూ కలిసి రాసిన ఆ వ్యాసం 1918లో అచ్చయింది. స్టైన్‌హౌస్ తన జీవితంలో ఎన్నో సిద్ధాంతాలను నిరూపించినా, తాను కనుగొన్నవాటిలో అన్నిటికంటె గొప్పది బనాకే అని చెప్పుకొనేవాడు.

ఆ తరువాత బనాక్ జీవితం వేగంగా మలుపు తిరిగింది. 1920లో వూచ్యా అనే యువతిని వివాహమాడాడు. అదే ఏడాది ల్వూఫ్ సాంకేతిక విద్యాలయంలో సహాయకునిగా చేరి, డాక్టరేటు కోసం పరిశోధన గ్రంథాన్ని సమర్పించాడు. క్రమపద్ధతిలో విశ్వవిద్యాలయ విద్యను పూర్తిచేయనివానికి డాక్టరేటు ఇవ్వడం మామూలుగా జరిగే పని కాదు. ఈ డాక్టరేటును గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. బనాక్‌కు కొత్త ఫలితాలు కనుగొనడంలో ఉన్న ఆసక్తి వాటిని రాసిపెట్టడంలో లేకపోవడంతో, ఒక సహాయకుడు అతని మాటలను విని గ్రంథంగా కూర్చాడట. ఏవో సందేహాలు తీర్చమని అతన్ని ఒక గదికి పిలిపించారట. తాను జవాబిస్తున్నది పరీక్షాధికారులకని అతనికి తెలియదట. ఈ కథలో నిజమెంతో గాని, బనాక్ స్వభావానికి మాత్రం ఇది చక్కగా అమరుతుంది. అతనికి గణితం రాతలో కాక మాటలో జీవించేది.

ఆ గ్రంథం 1922లో అచ్చయింది. అందులోని ఊహ ఒకటి గణిత స్వరూపాన్ని మార్చివేసింది. అంతకుముందు ఒక్కొక్క సమీకరణాన్ని ఒక్కొక్క ఉపాయంతో సాధించేవారు. బనాక్ ప్రమేయాలనే బిందువులుగా భావించాడు. రెండు బిందువుల మధ్య దూరాన్ని కొలిచినట్టుగా రెండు ప్రమేయాల మధ్య దూరాన్ని కొలిచాడు. ఇటువంటి ప్రమేయాల లోకాలనే నేడు బనాక్ అంతరాళాలు అంటున్నారు. తెలుగు దేశంలో ఎమ్మెస్సీ గణితం చదివే విద్యార్థులకు ఈ పేరు సుపరిచితమే. ఆ గ్రంథంలోనిదే స్థిరబిందు సిద్ధాంతం. దాన్ని గ్రహించడానికి ఎమ్మెస్సీ అవసరం లేదు. జోగులాంబ గద్వాల జిల్లా పటం ఒకటి తెచ్చి మల్దకల్‌లో ఏ బడి ఆవరణలోనైనా నేలపై పరచి చూడండి. దిక్కులు సరిచూడనక్కరలేదు, ఎటు తిప్పి పరచినా సరే. ఆ పటంలో ఏదో ఒక చుక్క, సరిగ్గా తాను సూచించే నేల మీదనే ఉంటుంది. అటువంటి చుక్క ఒకటే ఉంటుంది, రెండు ఉండవు. పటంలో దూరాలన్నీ కుదించబడి ఉండటమే దీనికి కారణం. ఇంత సామాన్యంగా కనిపించే విషయంతోనే ఎన్నో అవకలన సమీకరణాలకు సాధన ఉందని నిరూపిస్తున్నారు.

1922లో బనాక్ ల్వూఫ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1927లో పూర్తిస్థాయి ఆచార్య పదవి లభించింది. 1929లో స్టైన్‌హౌస్‌తో కలిసి ఒక గణిత పత్రికను స్థాపించాడు. 1932లో ప్రసిద్ధమైన తన గ్రంథాన్ని ఫ్రెంచి భాషలో ప్రకటించాడు. 1936లో ఓస్లోలో జరిగిన ప్రపంచ గణిత మహాసభలో ప్రసంగించాడు. ఇన్ని గౌరవాలు పొందినా చేతిలో డబ్బు నిలిచేది కాదు. అప్పులు తీర్చడానికి పాఠశాలలకు లెక్కల పుస్తకాలు రాసేవాడు. ఆ పుస్తకాలకు వెచ్చించిన కాలం పరిశోధనకు దక్కి ఉంటే ఎంత బాగుండేదో అని సహచరులు విచారించేవారు. కాని ఆ పుస్తకాలు చదువుకున్న పిల్లలు అట్లా అనుకొని ఉండరు.

బనాక్ అసలైన పాఠశాల విశ్వవిద్యాలయానికి సమీపంలోని స్కాటిష్ కాఫీ హోటలు. అక్కడి బల్లలకు పాలరాతి పలకలు ఉండేవి. పెన్సిలుతో వాటిపై రాయవచ్చు, తుడిచివేయవచ్చు. బనాక్, స్తానిస్వావ్ మజూర్, వారికంటె చిన్నవాడైన స్తానిస్వావ్ ఉలామ్ ఆ బల్లల చుట్టూ చేరేవారు. చుట్టూ సంగీతం, జనం మాటలు, పొగ. బనాక్‌కు ఆ సందడిలోనే ఆలోచన సాగేది. ఒకసారి ఒక చర్చ పదిహేడు గంటలు సాగిందనీ, తీరా సాధించిన నిరూపణ మరునాటికి బల్లతోబాటు శుభ్రంగా తుడిచివేయబడిందనీ సహచరుల జ్ఞాపకాలలో ఉంది. తుడిచినవారిని తప్పుపట్టవలసిన పని లేదు. బల్ల తుడవడం వారి విధి.

ఈ నష్టాన్ని అరికట్టినది బనాక్ భార్య వూచ్యా. 1935లో ఆమె గట్టి అట్టగల ఒక పెద్ద నోటుపుస్తకాన్ని కొనితెచ్చి ఇచ్చింది. ఆ పుస్తకం హోటలులోనే ఉండేది. గణితవేత్తలు అడిగితే సేవకుడు తెచ్చి ఇచ్చేవాడు. సమస్యను ఒకవైపు రాస్తే, సమాధానానికి ఎదుటి పుట ఖాళీగా ఉంచేవారు. సాధించినవారికి బహుమానాలు కూడ అందులోనే ప్రకటించేవారు. మొదటి సమస్య 1935 జూలై 17న నమోదయింది. స్కాటిష్ పుస్తకంగా పేరుపొందిన ఆ నోటుపుస్తకంలో నలభై మూడవ సమస్యే మజూర్ ప్రతిపాదించిన అంతులేని ఆట. దానికి పందెం ఒక సీసా ద్రాక్షసారాయం.

ఆ ఆటను మన పొలాల భాషలో చెప్పుకుందాం. మల్దకల్ చుట్టుపక్కల విత్తనపత్తి పండే చేలలో నిడుపాటి సాలు ఒకటి ఉన్నదనుకోండి. ఆ సాలులో కొన్ని చోట్ల ముందుగానే గుర్తులు పెట్టి ఉన్నాయి. మొదటి ఆటగాడు ఆ సాలులో తనకు నచ్చిన ఒక ముక్కను ఎన్నుకుంటాడు. రెండవవాడు ఆ ముక్కలోపల మరింత చిన్న ముక్కను ఎన్నుకుంటాడు. మళ్ళీ మొదటివాడు దానిలోపల ఇంకా చిన్నదాన్ని. ఇట్లా అనంతంగా సాగుతుంది. ముక్కలు కుదించుకుపోయినా, అన్నిటిలోను ఉమ్మడిగా ఉండే బిందువు ఒకటైనా మిగులుతుంది. అట్లా మిగిలినవాటిలో గుర్తుపెట్టిన బిందువు ఉంటే మొదటివాడు గెలిచినట్టు, లేకుంటే రెండవవాడు గెలిచినట్టు. గణితంలో సాలుకు బదులు సంఖ్యారేఖ, గుర్తులకు బదులు వాస్తవ సంఖ్యల సమితి ఉంటాయి.

ఉదాహరణకు భిన్నసంఖ్యలన్నింటికీ గుర్తులు పెట్టామనుకుందాం. భిన్నాలు సంఖ్యారేఖ మీద ఎంత దట్టంగా ఉంటాయంటే, ఎంత చిన్న ముక్క తీసుకున్నా అందులో లెక్కలేనన్ని ఉంటాయి. కాబట్టి మొదటివాడే గెలుస్తాడని తోస్తుంది. కాని గెలిచేది రెండవవాడు. అతని ఉపాయం సులభమైనది. భిన్నాలనన్నిటినీ ఒకటి, రెండు, మూడు అని ఒక వరుసలో పేర్చవచ్చు. రెండవవాడు తన మొదటి ఎత్తులో వరుసలోని మొదటి భిన్నం లేని ముక్కను, రెండవ ఎత్తులో రెండవ భిన్నం లేని ముక్కను ఎన్నుకుంటూ పోతాడు. చివరకు ఏ భిన్నమూ మిగలదు. మొదటివాడు ఎంత నేర్పు చూపినా ప్రయోజనం లేదు. దట్టంగా కనిపించినంత మాత్రాన ఒక సమితి బలమైనది కాదని ఈ ఆట తెలుపుతున్నది.

గుర్తుపెట్టిన సమితిని, ఏ ముక్కలోను దట్టంగా పరచుకోని పలుచని సమితులుగా విడదీసి, వాటిని ఒకటి, రెండు, మూడు అని వరుసలో పేర్చగలిగితే రెండవవాడికి తప్పనిసరి గెలుపు ఉపాయం ఉంటుందని మజూర్ గ్రహించాడు. ఏదో ఒక ముక్కలో గుర్తులేని బిందువులు అట్లా పలుచనివైతే మొదటివాడికి గెలుపు ఉంటుంది. ఈ రెండు సందర్భాలు తప్ప మరి దేనిలోను ఎవరికీ గెలుపు ఉపాయం ఉండదా? అదీ మజూర్ అడిగిన ప్రశ్న. ఉండదని, మజూర్ ఊహ సరైనదేనని బనాక్ 1935 ఆగస్టు 4న పుస్తకంలో నమోదు చేశాడు. నిరూపణ మాత్రం రాయలేదు. ఇది కూడ అతని స్వభావమే. అచ్చులో నిరూపణలు రావడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. 1957లో ఆక్స్‌టోబీ ఈ ఆటను సంఖ్యారేఖ నుండి టోపాలజీ శాస్త్రంలోని ఇతర అంతరాళాలకు విస్తరింపజేశాడు. ఒక ప్రదేశం ఎంత నిండుగా ఉన్నదో, ఎక్కడ బోలుగా ఉన్నదో తెలుసుకోవడానికి ఆటయే కొలబద్ద అయింది.

ఈ సమాధానంలో ఒక గడ్డు సమస్య దాగి ఉంది. పై రెండు సందర్భాలలోను ఇమడని సమితి ఉంటే, ఆ ఆటలో ఎవరికీ గెలుపు ఉపాయం లేదన్నమాట. అట్టి సమితులు ఉన్నాయా? ఉన్నాయి. కాని వాటిని ఎవరూ చేతితో చూపలేరు. ఎంపిక స్వీకృతం అనే సూత్రాన్ని ఒప్పుకుంటేనే వాటి ఉనికి సిద్ధిస్తుంది. అనంతమైన పాత్రల వరుస ఉన్నప్పుడు, ఏ నియమమూ లేకపోయినా ప్రతి పాత్ర నుండి ఒక్కొక్క వస్తువును ఏకకాలంలో ఎన్నుకోవచ్చుననడమే ఆ సూత్రం. ఇది ఎంత సహజంగా వినిపిస్తుందో, దాని ఫలితాలు అంత వింతగా ఉంటాయి. 1924లో బనాక్, ఆల్ఫ్రెడ్ టార్‌స్కీ కలిసి దీని సాయంతోనే ఒక ఘనగోళాన్ని కొన్ని ముక్కలుగా విడదీసి, వాటిని తిరిగి అమర్చి, మొదటి గోళమంతటి గోళాలు రెండింటిని చేయవచ్చునని నిరూపించారు. ప్రసాదపు లడ్డూతో ఈ పని జరగదు. ఆ ముక్కలు కత్తికి తెగేవి కావు, వాటికి ఘనపరిమాణం అనేదే లేదు.

ఇదే కాలంలో అదే సూత్రం నుండి అల్ట్రాఫిల్టర్ అనే భావం కూడ రూపుదిద్దుకున్నది. ఒక తీర్పరిని ఊహించుకుందాం. సహజ సంఖ్యలను ఎవరు ఏ విధంగా రెండు వర్గాలుగా చీల్చి తెచ్చినా, అతడు వాటిలో ఒకదాన్ని మాత్రమే పెద్దదని తీర్పు చెబుతాడు. లెక్కకు ముగిసిపోయే వర్గాన్ని ఎన్నడూ పెద్దదనడు. పెద్దవర్గానికి మరికొన్ని సంఖ్యలు చేరిస్తే అదీ పెద్దదే. రెండు పెద్దవర్గాలకు ఉమ్మడిగా ఉన్న భాగమూ పెద్దదే. ఎన్ని వివాదాలు వచ్చినా అతని తీర్పులలో ఒకదానికొకటి విరుద్ధమైనవి ఉండవు. ఇట్టి తీర్పరి ఉన్నాడని 1929లో ఉలామ్, మరింత విస్తృతంగా 1930లో టార్‌స్కీ చూపారు. ఆ తీర్పరికి అల్ట్రాఫిల్టర్ అని పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశీయుడైన హెన్రీ కార్టాన్, 1937లో. బనాక్ తన 1932 నాటి గ్రంథంలో 1, 0, 1, 0 అంటూ ఊగిసలాడే అనుక్రమానికి కూడ ఒక అవధిని కల్పించి, దాన్ని సగంగా తేల్చాడు. అల్ట్రాఫిల్టర్ మధ్యేమార్గం ఎరుగదు. సరిస్థానాలో, బేసిస్థానాలో ఏవి పెద్దవో నిర్ణయించి, ఒకటి అనో, సున్న అనో కచ్చితంగా చెబుతుంది.

ఈ తీర్పరి ముందు ఇద్దరు ఆడితే ఏమవుతుంది? మొదటివాడు ఒకటి నుండి తనకు తోచినన్ని సంఖ్యలు తీసుకుంటాడు. ఆ తరువాతి సంఖ్యలలో కొన్నిటిని రెండవవాడు తీసుకుంటాడు. అట్లా వంతులవారీగా సంఖ్యలన్నిటినీ పంచుకుంటారు. ఎవరి భాగం పెద్దదని తీర్పరి చెబితే వారు గెలిచినట్టు. ఈ ఆటలో ఎవరికీ గెలుపు ఉపాయం లేదు. ఉన్నదనుకుంటే ఎదుటివాడు ఆ ఉపాయాన్నే దొంగిలించి తానూ ప్రయోగించగలడు. ఆరంభంలో తేడా వచ్చేది కొద్ది సంఖ్యలే. వాటిని తీర్పరి లెక్కచేయడు. అప్పుడు ఇద్దరూ గెలవవలసి వస్తుంది, అది అసంభవం. ఆట ముగిసిన తరువాత ఒకరు గెలుస్తారు. గెలిచే మార్గం మాత్రం ముందుగా ఎవరి వద్దా ఉండదు.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. ల్వూఫ్ సోవియట్ సైన్యం వశమైంది. విశ్వవిద్యాలయం పేరు మారినా బనాక్ పదవిలో కొనసాగాడు. స్కాటిష్ పుస్తకంలో సమస్యలు నమోదవుతూనే ఉన్నాయి. వాటిలో చివరిది 1941 మే 31న స్టైన్‌హౌస్ రాసినది, అగ్గిపెట్టెలలోని పుల్లల సంఖ్యను గురించినది. మరుసటి నెలలో జర్మన్ సైన్యం నగరంలో ప్రవేశించింది. జూలైలో నాజీలు ల్వూఫ్ ఆచార్యులను పట్టుకొని కాల్చిచంపారు. 1920లో బనాక్‌ను సహాయకునిగా చేర్చుకున్న వోమ్నిత్‌స్కీ ఆ హతులలో ఒకడు. యూదుడైన స్టైన్‌హౌస్ మారుపేరుతో పల్లెలలో తలదాచుకొని ప్రాణం దక్కించుకున్నాడు. బనాక్ సహచరుడు షౌడర్‌కు ఆ అదృష్టం కలగలేదు. 1943లో అతన్ని చంపివేశారు.

బనాక్ ప్రాణాన్ని కాపాడినవి పేలు. రుడాల్ఫ్ వైగ్ల్ అనే శాస్త్రవేత్త ల్వూఫ్‌లో టైఫస్ జ్వరానికి టీకా తయారుచేసేవాడు. ఆ టీకాకు పేలను పెంచాలి. పేలకు మనిషి నెత్తురు కావాలి. పేలున్న చిన్న పెట్టెలను కాలికి కట్టుకొని వాటికి తమ రక్తాన్ని ఆహారంగా ఇచ్చేవారిని వైగ్ల్ ఉద్యోగులుగా నియమించుకొనేవాడు. జర్మన్ సైన్యానికి ఆ టీకా అవసరం కావడం వల్ల ఆ ఉద్యోగపు గుర్తింపు పత్రం ఉన్నవారికి కొంత రక్షణ ఉండేది. వైగ్ల్ ఈ విధంగా ఎందరో పండితులను కాపాడాడు. లోకప్రసిద్ధుడైన బనాక్ 1944 వేసవిలో సోవియట్ సైన్యం తిరిగి వచ్చేవరకు ఆ పనిలోనే ఉన్నాడు. అంతకుముందు కాఫీ బల్ల మీద అనంతాన్ని ముక్కలుగా కోసినవాడు, ఆ మూడేళ్ళు పేలకు కాలు అప్పగించి కూర్చున్నాడు.

యుద్ధం ముగిసేసరికి ఊపిరితిత్తులను క్యాన్సర్ కబళించింది. క్రాకోవ్‌లో ఆచార్య పదవి అతని కోసం ఎదురుచూస్తున్నది. 1945 ఆగస్టు 31న, యాభై మూడవ ఏట, బనాక్ ల్వూఫ్‌లోనే కన్నుమూశాడు. ఆ నగరం అప్పటికే పోలండు చేజారింది. నేడు అది ఉక్రెయిన్‌లో ల్వివ్ అనే పేరుతో ఉంది. అక్కడి లిచాకివ్ శ్మశానంలో, వేరొక కుటుంబానికి చెందిన సమాధి మందిరంలో అతన్ని ఖననం చేశారు.

నోటుపుస్తకం మిగిలింది. వూచ్యా దాన్ని భద్రపరచి పోలండుకు తెచ్చింది. స్టైన్‌హౌస్ దాని ప్రతిని అమెరికాలో ఉన్న ఉలామ్‌కు పంపాడు. ఉలామ్ 1957లో దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి గణితలోకానికి పంచాడు. 1954లో మరణించిన వూచ్యా ఆ అనువాదాన్ని చూడలేదు.

1962లో డెబ్బై అయిదేళ్ళ స్టైన్‌హౌస్, యువకుడైన యాన్ మిచెల్‌స్కీ కలిసి ఒక సాహసోపేతమైన ప్రతిపాదన చేశారు. సహజ సంఖ్యలను ఎత్తులుగా వేసే ప్రతి అంతులేని ఆటలోను ఇద్దరిలో ఒకరికి గెలుపు ఉపాయం తప్పక ఉంటుందని ఒక స్వీకృతంగా గ్రహిస్తే ఎట్లా ఉంటుందని వారు ప్రశ్నించారు. అట్లా గ్రహిస్తే సంఖ్యారేఖపై ప్రతి సమితికీ లెబేగ్ చెప్పిన కొలత ఉంటుంది. ఒక గోళాన్ని రెండు చేసే వింత సాగదు. సహజ సంఖ్యలపై తీర్పు చెప్పే అల్ట్రాఫిల్టర్ కూడ ఉండదు. కాని దానికి మూల్యంగా ఎంపిక స్వీకృతాన్ని వదులుకోవాలి. రెండింటినీ ఒకేచోట ఉంచడం సాధ్యం కాదు. బనాక్, టార్‌స్కీలు 1924లో దేనిని ఆధారం చేసుకున్నారో దానికి ఎదురుగా, బనాక్‌ను తోటలో కనుగొన్నవాడే, బనాక్ ఆడిన ఆటల నుండే మరొక దారి తెరిచాడు. గణితవేత్తలలో అధికులు ఇప్పటికీ ఎంపిక స్వీకృతాన్నే పాటిస్తున్నారు. సమితి శాస్త్రజ్ఞులు రెండవ దారిని కూడ శ్రద్ధగా పరిశోధిస్తున్నారు.

స్కాటిష్ పుస్తకంలో మజూర్ 1936 నవంబరు 6న రాసిన నూట యాభై మూడవ సమస్యకు బహుమానం ఒక సజీవమైన బాతు. బనాక్ అంతరాళాలకు సంబంధించిన ఆ చిక్కు ముప్పై ఆరేళ్ళు ఎవరికీ లొంగలేదు. 1972లో స్వీడన్ దేశీయుడైన పెర్ ఎన్‌ఫ్లో దాన్ని సాధించాడు. వృద్ధుడైన మజూర్ వార్సాలో అందరి సమక్షంలో బతికి ఉన్న బాతును అతని చేతికి అందించి మాట చెల్లించుకున్నాడు.